చర్మం కింద చెమ్మ

మంచాన పడ్డ మనిషికి వీపున పుండు పడిందంటే మన ఇళ్ళలో దానిని వేరొక జబ్బుగా ఎవరూ లెక్కపెట్టరు. "అన్నాళ్ళు కదలకుండా పడుకుంటే పుళ్ళు పడక ఏమవుతాయి" అని సరిపెట్టుకుంటారు. పక్షవాతమో, తుంటి ఎముక విరగడమో అసలు రోగమనీ, పుండు దాని వెంట తప్పక వచ్చేదనీ మన నమ్మకం. పలకరించడానికి వచ్చినవాళ్ళు కూడా తిండి, నిద్ర అడుగుతారు గాని నడుము కింద చర్మం ఎలా ఉందని అడగరు. అడగడం మర్యాద కాదనుకుంటారు కాబోలు.

కాని ఈ పుండు ప్రాణం తీయగలదు. ఎముక దాకా దిగితే ఎముకకు చీము పడుతుంది. రక్తంలోకి సూక్ష్మజీవులు చేరితే ఒళ్ళంతా విషమవుతుంది. సూపర్‌మాన్ వేషంతో ప్రసిద్ధుడైన హాలీవుడ్ నటుడు క్రిస్టఫర్ రీవ్ 1995లో గుర్రం మీదనుంచి పడి మెడ కింది భాగమంతా చచ్చుబడి తొమ్మిదేళ్ళు బ్రతికాడు. 2004 అక్టోబరులో మరణించేనాటికి ఆయన ఒక ఒత్తిడి పుండు చెడి, దానికి వైద్యం పొందుతూ ఉన్నాడు. డబ్బుకూ, నర్సులకూ లోటు లేని మనిషి పరిస్థితి అది. మన వాళ్ళ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఈ పుండు పైకి కనిపించక ముందే, చర్మం కింద చేరే చెమ్మను బట్టి దాని రాకను పసిగట్టే సాధనం ఒకటి కొన్నేళ్ళుగా వాడుకలో ఉంది. దాని గురించి ఇంగ్లీషులో వచ్చే రాతలు రెండు రకాలు. మొదటి రకం దీనితో పుండ్ల సమస్య తీరిపోయినట్టే మాట్లాడుతుంది. రెండవది ఇదొక ఖరీదైన ఆటవస్తువని కొట్టిపారేస్తుంది. నా అభిప్రాయం ఈ రెంటికీ దూరం. ఆ సాధనం మన ఇళ్ళలోకి ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో గాని, దాని వెనుక ఉన్న ఆలోచన మనకు ఇవాళే కావాలి. శ్వేతజాతి వారికంటే మనకే ఎక్కువ కావాలి. ఎందుకో చెప్పడానికే ఈ టపా.

*

ముందు మాటల సంగతి. ఒంట్లో చేరకూడని చోట చేరిన నీటికి మన భాషలో పేర్లకు కొదవ లేదు. కాళ్ళకు నీరు పట్టింది అంటాము, ముఖం నీరు తీసింది అంటాము. నంజు అన్నది పాత మాట. ఊపిరితిత్తులకు పట్టినది నెమ్ము. ఇంటి గోడకు వానాకాలంలో పట్టేదీ నెమ్మే. గోడకూ గుండెకూ ఒకే మాట వాడిన వాళ్ళను అజ్ఞానులనుకోనక్కరలేదు. కనబడని చోట ఊరి, ఆ చోటును పాడు చేసే తడి అన్న భావం రెండు చోట్లా ఒకటే. కాళ్ళకు నీరు చేరిందేమో చూడటానికి మన పెద్దవాళ్ళు చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కి గుంట పడిందా అని పరికించేవారు. వైద్యులు నేటికీ అదే చేస్తారు. రంగుతో పని లేని పరీక్ష అది. ఈ విషయం గుర్తుంచుకొమ్మని మనవి. ముందు ముందు అవసరమవుతుంది.

ఇంగ్లీషు 'సెన్సర్'కు తెలుగులో గ్రాహకమనీ, సంవేదకమనీ రెండు మాటలున్నాయి. నాకు మాత్రం పసిగట్టడం అన్న క్రియ మీద మనసు. ఇక్కడ సెన్సర్ అనే రాస్తాను. ఇంతకంటే మంచి మాట తట్టిన మిత్రులు చెప్పగలరు.

*

ఇక పుండు పుట్టే తీరు. కదలలేని మనిషి బరువు ఎముక పొడుచుకొచ్చిన చోట్ల ఆనుతుంది. వెల్లకిలా పడుకున్నవారికి వెన్నెముక అడుగున ఉండే త్రికాస్థి, మడమలు ముఖ్యమైన చోట్లు. ఎముకకూ పరుపుకూ మధ్య కండ, కొవ్వు నలుగుతాయి. రక్తం అందకపోవడం ఒక్కటే కారణమని చాలాకాలం అనుకున్నారు. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో అమిత్ గెఫెన్ వంటి వారి పరిశోధనల వల్ల, ఒత్తిడికి ఆకారం చెడిన కణాలు రక్తలేమి కోసం వేచి చూడకుండానే దెబ్బతింటాయని తెలిసింది. దెబ్బతిన్న కణాలు సంకేతాలు పంపుతాయి. చుట్టూ ఉన్న కేశనాళికల గోడలు వదులై ప్లాస్మా బయటికి ఊరుతుంది. ఆ ఊట కణాల మధ్య చేరి అక్కడి ఒత్తిడిని మరింత పెంచుతుంది. దానివల్ల ఇంకొన్ని కణాలు చస్తాయి. ఇదంతా చర్మం పగలక మునుపు, ఒక్కొక్కసారి రంగైనా మారక మునుపు, లోపల జరిగే వ్యవహారం. పుండు మనకు కనబడేనాటికి దాని కథ సగం నడిచిపోయి ఉంటుంది.

ఆ ఊటను కొలిచే ఉపాయం మన రైతులకు కొత్త కాదు. ధాన్యం కొనుగోలు కేంద్రంలో గుప్పెడు వడ్లు తేమ యంత్రంలో పోసి, 17 శాతం దాటితే కొనమంటారు. ఇటువంటి యంత్రాలలో కొన్ని కెపాసిటర్ సూత్రం మీద పనిచేస్తాయి. రెండు లోహపు పలకల మధ్య ఉన్న పదార్థాన్ని బట్టి అవి పట్టి ఉంచగల విద్యుదావేశం మారుతుంది. దీనిని రోధక స్థిరాంకమనే కొలతతో చెబుతారు. గాలికి అది ఇంచుమించు 1, నూనెకు 2 లేక 3. నీటికి 80కి దగ్గరగా ఉంటుంది. ఇంత తేడా ఉన్నందువల్లనే కొద్దిపాటి నీరు పెరిగినా యంత్రానికి తెలిసిపోతుంది.

పుండ్ల కోసం చేసిన సెన్సర్‌లో పలకలు ఎదురెదురుగా ఉండక ఒకే తలం మీద పక్కపక్కన ఉంటాయి. చర్మానికి ఆనించినపుడు విద్యుత్ క్షేత్రం కొన్ని మిల్లీమీటర్ల లోతు దాకా చొరబడి తిరిగి వస్తుంది. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నర్సింగ్ శాస్త్రవేత్త బార్బరా బేట్స్-జెన్సెన్ వృద్ధాశ్రమాల వారి మీద ఈ చర్మాంతర్గత తేమను కొలిచి, పుండ్లతో దానికి గల సంబంధాన్ని 2000 దశకంలో వెలువరించారు. తరువాత బ్రూయిన్ బయోమెట్రిక్స్ అనే సంస్థ చేతిలో ఇమిడే ఎస్.ఇ.ఎమ్. స్కానర్‌ను తయారు చేసింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనికి 2018 డిసెంబరులో అనుమతి ఇచ్చింది, అదీ మడమలకూ, త్రికాస్థి ప్రాంతానికీ మాత్రమే, మామూలు పరీక్షకు తోడుగా మాత్రమే.

దీని కొలతలో ఒక తెలివి ఉంది. మనిషి ఒంటి తేమ అందరికీ ఒకటి కాదు. గుండె జబ్బు మనిషికి ఒళ్ళంతా నీరుండవచ్చు, వేసవిలో ముసలివారు వడిలిపోయి ఉండవచ్చు. అందుకని ఒకచోట వచ్చిన అంకెను నమ్మక, ఎముక చుట్టూ అనేక చోట్ల కొలిచి, వాటిలో పెద్దదానికీ చిన్నదానికీ గల తేడా చూస్తారు. ఆ తేడా 0.6 లేక అంతకు మించితే అక్కడ ఏదో జరుగుతున్నదని అర్థం. మనిషిని వేరొకరితో గాక అతని ఒంటితోనే పోల్చి చూడటమన్నమాట.

*

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వైద్య గ్రంథాలలో ఒత్తిడి పుండు మొదటి దశకు ఇచ్చిన గుర్తు చర్మం ఎర్రబారడం. వేలితో నొక్కితే ఆ ఎరుపు పోయి చర్మం పాలిపోవాలి, వేలు తీయగానే మళ్ళీ ఎర్రబడాలి. అలా అయితే రక్తప్రసారం బాగున్నట్టు. నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టు. చక్కని పరీక్షే. కాని ఎవరి చర్మం మీద?

మన ఇళ్ళలో మంచాన ఉన్న ఒక తాతగారినో, పొలంపని చేసి ఎండకు కమిలిన అమ్మమ్మగారినో ఊహించుకోండి. వారి నడుము మీద ఎరుపు ఎక్కడ కనిపిస్తుంది? నలుపులో కొంచెం ముదురు, కాస్త ఊదా ఛాయ, కొత్తగా ఒక మెరుపు. చూపు తెలిసినవారికి తప్ప కనిపించవు. నొక్కినపుడు పాలిపోవడమన్నది అసలే తెలియదు. 'ఎరుపు లేదు' అని రాసుకుని వెళ్ళిపోయిన నర్సును తప్పుపట్టలేము. ఆమెకు నేర్పిన గుర్తే మరొక జాతి చర్మాన్ని చూసి రాసినది. నల్లజాతి వృద్ధులలో ఈ పుండ్లు తొలిదశలో తక్కువగానూ, ముదిరిన దశలో ఎక్కువగానూ నమోదవుతున్నాయని అమెరికాలోనే గమనించారు. వారికి తొలిదశ రాదని కాదు, అది ఎవరి కంటా పడదని దాని అర్థం.

ఇటువంటి వ్యవహారమే కోవిడ్ కాలంలో మరొకటి బయటపడింది. 2021లో ఇంటింటా వేలికి తగిలించుకున్న ఆక్సీమీటరు గుర్తుంది కదా. అది రంగు కాంతి చర్మం గుండా పోయి ఎంత మిగిలిందో చూసి లెక్క చెబుతుంది. ధమని రక్తంలో ఆక్సిజన్ నిజానికి పడిపోయి ఉన్నా ఆక్సీమీటరు బాగానే ఉందని చూపిన సందర్భాలు శ్వేతజాతి రోగులలో 3.6 శాతమైతే, నల్లజాతి రోగులలో 11.7 శాతమని మిషిగన్ విశ్వవిద్యాలయం వారు 2020 డిసెంబరులో ప్రకటించారు. యంత్రానికి పక్షపాతం ఉండదన్నది మన భ్రమ. దానిని ఎవరి మీద సరిచూశారో వారి పక్షం అది వహిస్తుంది.

చెమ్మను కొలిచే సెన్సర్ కాంతిని వాడదు. విద్యుత్ క్షేత్రానికి చర్మం నలుపైనా తెలుపైనా ఒకటే. బేట్స్-జెన్సెన్ బృందమే ముదురు రంగు చర్మం గలవారి మీద ప్రత్యేకంగా ఒక తొలి పరిశీలన జరిపి 2009లో ప్రచురించింది. 2019లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు సైతం, ముదురు చర్మం ఉన్నవారిలో చర్మపు వెచ్చదనాన్నీ, లోపలి తేమనూ చూడటం గురించి ఆలోచించమని చెప్పాయి. నేను ఈ సాధనాన్ని మెచ్చుకునేది ఇందుకే. అది కొత్తదని కాదు, మన చర్మాన్ని కూడా చర్మంగా లెక్కించినందుకు.

*

అయితే వెంటనే కొనిపించాలని నా ఉద్దేశం కాదు. అవతలి పక్షం వాదన కూడా చెప్పాలి.

అమెరికా, బ్రిటన్ ఆసుపత్రులలో జరిపి 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వైద్య సిబ్బందికి సెన్సర్ అంకెలు తెలియనివ్వకుండా చూశారు. కంటికి పుండు కనిపించడానికి మధ్యగత లెక్కన 4.7 రోజుల ముందే సెన్సర్ దానిని సూచించింది. పుండు పడినవారిలో 87.5 శాతం మందిని పట్టుకున్నది. ప్రకటనలలో ఈ రెండు అంకెలే ఉంటాయి. మూడవ అంకె కూడా ఉంది. పుండు పడని వారిలో 'ప్రమాదం లేదు' అని సరిగా చెప్పినది 32.9 శాతం మందికే. అనగా పుండు పడని ముగ్గురిలో ఇద్దరికి అది ఉత్తుత్త హెచ్చరిక ఇచ్చింది. దీనికి సమాధానం లేకపోలేదు. ఆ ఇద్దరికీ లోపల నిజంగానే ఊట మొదలై, మామూలుగా జరిగే సేవతోనే సర్దుకుని ఉండవచ్చును. ఉండకపోవచ్చును కూడా. ఆ అధ్యయనంతో ఇది తేలదు.

బ్రిటన్‌లో ఏ వైద్య సాధనం మీద ప్రజల సొమ్ము ఖర్చు చేయదగునో తేల్చే నైస్ అనే సంస్థ, 2020 అక్టోబరులో ఈ స్కానర్ ఆశాజనకంగా ఉన్నదంటూనే, అంతటా వాడమని చెప్పడానికి తగినంత మంచి సాక్ష్యం లేదన్నది. నాకు అది న్యాయమైన తీర్పుగా తోచింది. ముందుగా తెలియడం ఒకటి, తెలిసినందువల్ల పుండు తప్పడం మరొకటి. మొదటిది యంత్రం చేస్తుంది. రెండవది చేయవలసింది మనిషే.

ఈ తేడా ఎంత పెద్దదో గుండె జబ్బు వారి సెన్సర్ చరిత్ర చూస్తే తెలుస్తుంది. ఛాతీలో అమర్చిన పరికరం ద్వారా ఊపిరితిత్తులలో నీరు చేరడాన్ని విద్యుత్ నిరోధం తగ్గుదల బట్టి కనిపెట్టి, రోగికి వినిపించేలా కూత పెట్టే ఏర్పాటు ఒకటి చేశారు. డాట్-హెచ్.ఎఫ్. అనే పరీక్షలో దాని ఫలితం 2011లో తెలిసింది. కూత విన్నవాళ్ళు గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరడం తగ్గకపోగా పెరిగింది. మరణాలలో మెరుగు లేదు. యంత్రం కొలత కొలిచింది, కూత కూసింది. ఆ కూతతో ఏమి చేయాలన్నది మాత్రం కుదరలేదు.

*

పుండ్ల విషయంలో ఏమి చేయాలో మనకు తెలుసు, తెలిసి ఎనభై ఏళ్ళు దాటింది. పందొమ్మిదవ శతాబ్దంలో పారిస్‌లో షార్కో అనే మహావైద్యుడు, నరాలు దెబ్బతిన్నవారికి పడే పుండు నరాల లోపం వల్లనే పడుతుందనీ, అది చావుకు సూచన అనీ బోధించాడు. అంతకు ముందే బ్రౌన్-సెకార్ జంతువుల మీద ప్రయోగాలు చేసి, ఒత్తిడినీ తడినీ తప్పిస్తే పుండు పడదని చూపినా, షార్కో పేరు ముందు ఆ మాట నిలవలేదు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ వెన్నెముక దెబ్బతిన్న సైనికుల బాధ్యత తీసుకున్నాడు. అప్పటిదాకా అటువంటివారు పుండ్లతోనూ, మూత్రనాళాల చీముతోనూ కొద్దికాలంలోనే పోయేవారు. ఆయన పగలనక రాత్రనక రెండేసి గంటలకొకసారి వారిని పక్కకు తిప్పించాడు. విధి అనుకున్నది సేవాలోపమని తేలిపోయింది. ఆ రోగులే ఆటలాడారు. నేటి పారాలింపిక్ క్రీడలకు మూలం ఆ ఆసుపత్రి.

"పుళ్ళు పడక ఏమవుతాయి" అనే మన వాళ్ళ మాట, పేరు తెలియకపోయినా, షార్కో మాటే.

ఇంతకీ ఆ తిప్పే చెయ్యి ఎవరిది? మన దగ్గర కోడలిది, కూతురిది, భార్యది. నెలజీతానికి వచ్చే ఆయాది. వీరెవరికీ ఎవరూ ఏమీ నేర్పరు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు మందుల చీటీ ఇస్తారు, ఎయిర్ బెడ్ అద్దెకు దొరికే చోటు చెబుతారు. ఇంటికి వచ్చాక తోచినది చేస్తారు. కందిన చోట నూనె పెట్టి గట్టిగా మర్దనా చేస్తారు. లోపల నలిగిన కణాలను అది మరింత నలుపుతుంది. గుండ్రటి గాలి దిండు మధ్య రంధ్రంలో పుండు ఉండేలా పడుకోబెడతారు. అంచుల ఒత్తిడితో చుట్టూ రక్తం ఆగుతుంది. ఈ రెండూ కూడదని మార్గదర్శకాలు ఎన్నడో చెప్పాయి, తెలుగులో మాత్రం ఎవరూ చెప్పలేదు. రెండు గంటల నియమం తప్పిందని రాత్రిళ్ళు కుమిలిపోయే కూతుళ్ళకు మరొక సంగతి చెప్పాలి. అమెరికా, కెనడా వృద్ధాశ్రమాలలో మేలైన ఫోమ్ పరుపుల మీద ఉన్నవారిని రెండు, మూడు, నాలుగు గంటలకు తిప్పి చూసిన అధ్యయనం 2013లో వచ్చింది. పుండ్లలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఎవరికి ఎంత వ్యవధి తగునో వైద్యుడిని అడిగి తెలుసుకోవలసిందే. అడగవచ్చునన్న సంగతే చాలామందికి తెలియదు.

మా బంధువుల ఇంట పక్షవాతం వచ్చిన పెద్దాయన్ని చూసుకున్న ఆయా ఒకావిడ ఉండేది. ఒళ్ళు తుడిచేటప్పుడు నడుము మీద అరచేతి వెనుక వైపు ఆనించి, పక్క చోటుతో పోల్చి చూసేది. "ఇక్కడ కాస్త వెచ్చగా, మెత్తమెత్తగా ఉందమ్మా, ఇవాళ రేపు ఇటువైపు పడుకోనివ్వకండి" అనేది. ఆ చోటు నాకు మిగతా ఒంటికంటే వేరుగా కనిపించలేదు. ఆమెకు తేమను కొలిచే అంకె లేదు. కాని ఆమె చేసినదీ సెన్సర్ చేసే పనే. రంగును నమ్మక, ఒకచోటును ఇంకొకచోటుతో పోల్చి, లోపలి నీటిని వెదకడం. చీలమండ మీద బొటనవేలు నొక్కిన పెద్దలు చేసినదీ అదే. చెయ్యి తప్పుతుంది, చిన్న మార్పును పట్టలేదు. అక్కడే సెన్సర్ అవసరం. కాని చెయ్యికి ఆ చదువు నేర్పని చోట సెన్సర్ ఇచ్చినా ప్రయోజనం సున్న.

అందువల్ల నేను కోరేవి మూడు. మన నర్సింగ్ బడులలో తొలిదశ గుర్తులను మన చర్మం మీద చూపి నేర్పాలి. వెచ్చదనం, గట్టిదనం లేక మెత్తదనం, నొప్పి, మెరుపు, ఛాయలో తేడా, ఇవి పాఠంలో ముందు రావాలి. ఎరుపు వెనక్కి జరగాలి. రెండవది, ఇటువంటి సెన్సర్ ఏది వచ్చినా మన ఆసుపత్రులలో, మన వృద్ధుల మీద సరిచూసిన అంకెలు అడగాలి. పైవాళ్ళ అంకెలు తెచ్చి అతికిస్తే ఆక్సీమీటరు కథే మళ్ళీ నడుస్తుంది. మూడవది, రోగిని ఇంటికి పంపే రోజున చూసుకునే మనిషిని కూర్చోబెట్టి, తిప్పడం, తడిమి చూడటం అరగంట నేర్పించి పంపాలి. దీనికి యంత్రం ఖర్చు లేదు, అరగంట ఖర్చు ఉంది. ఆ అరగంటకు బిల్లు వేయలేము కనుకనే అది ఎవరికీ పట్టడం లేదేమోనని నా అనుమానం.

సెన్సర్ ముందు రావాలా, ఈ చదువు ముందు రావాలా అంటే నా ఓటు చదువుకే. మిత్రులలో వైద్యులు, నర్సులు, ఇంట్లో పెద్దవారిని చూసుకుంటున్నవారు ఉన్నారు. మీరు చూసిన చర్మం మీద మొదటి గుర్తు ఏ రూపంలో కనిపించిందో, దానిని మీ ప్రాంతంలో ఏమంటారో రాయండి. తెలుగులో ఇటువంటి గుర్తుల పట్టిక ఒకటి తయారైతే, రేపు మన ఇళ్ళలో ఎవరో ఒకరి వీపుకు పనికి వస్తుంది.